బెర్లిన్‌లో తెలుగు పండగలు జరిపే పెద్దలందరికీ: కొత్తగా వచ్చిన పిల్లలకు ఆడుకునే చోటు చూపించండి

నమస్కారమండీ.

ఉగాదికీ, దసరాకీ, సంక్రాంతికీ హాలు మాట్లాడి, భోజనాలు పెట్టించి, పిల్లల చేత పద్యాలు చెప్పించి, ఇంత దూరంలో మాకు పండగ అనేది ఉందని గుర్తుచేస్తున్న మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. ఎవరి ఉద్యోగాలు వాళ్ళు చేసుకుంటూ, శని ఆదివారాలు వదులుకుని, కుర్చీలు మీరే సర్ది, గిన్నెలు మీరే కడిగి ఈ పని చేస్తున్నారని నాకు తెలుసు, పోయిన ఉగాదికి వంటింట్లో నేనూ ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. ఇక్కడ కొత్తగా దిగిన తెలుగు కుటుంబం ముందు వెతుక్కునేది మిమ్మల్నే.

మేము రెండేళ్ళ కిందట అక్టోబరు ఆఖర్లో విజయవాడ నుంచి వచ్చాం. మా బాబుకి అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. వచ్చిన వారంలోనే గడియారం గంట వెనక్కి జరిపారు, డిసెంబరుకల్లా సాయంత్రం నాలుగు కాకముందే చీకటి. మావారు పొద్దున చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చేవారు. నేనూ బాబూ మూడో అంతస్తులో. పాతకాలం బిల్డింగు, చెక్క నేల, అడుగు వేస్తే కింద వాళ్ళకి వినబడుతుంది. విజయవాడలో సాయంత్రం ఐదైతే చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పరిగెత్తే పిల్లాడు ఇక్కడ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి పరిగెత్తేవాడు. రెండో వారంలో పోస్టు డబ్బాలో చీటీ కనబడింది. చేతిరాత, మర్యాదగానే రాశారు, చప్పుడు తగ్గించమని. దేశం కొత్త, భాష రాదు, ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని టెన్షన్. ఆ రోజు నుంచి నా నోట ఒకటే మాట: "మెల్లగా నాన్నా, కింద మామ్మగారు పడుకున్నారు."

పిల్లలు మనం అనుకున్నదానికంటే తొందరగా నేర్చుకుంటారు. నెల తిరిగేసరికి వాడు మునివేళ్ళ మీద నడవడం అలవాటు చేసుకున్నాడు. అప్పుడు నాకు సంతోషమే అనిపించింది, మంచి పిల్లాడు, చెప్పిన మాట విన్నాడని. తరవాత ఎండాకాలం సెలవులకి విజయవాడ వెళ్ళాం. మా అమ్మ వాళ్ళది కింది వాటా, నేల మీద నాపరాళ్ళు, కింద ఎవరూ లేరు. అయినా వాడు మంచం దిగి వంటింట్లోకి మునివేళ్ళ మీద నడిచి వెళ్తున్నాడు. మా అమ్మ చూసి, "వీడి కాలికేమైందే?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ మొదటి చలికాలంలో నేను ఊరికే కూర్చోలేదండీ. మన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను, ఇక్కడ చిన్న పిల్లలకి ఏమైనా ఉన్నాయా అని. ఆ గ్రూపులో కరివేపాకు ఏ షాపులో దొరుకుతుందో అడిగితే ఐదు నిమిషాల్లో పది జవాబులు వస్తాయి. ఇండియా నుంచి ఎవరొస్తున్నారు, అరకిలో పచ్చడి తెస్తారా అంటే ఎవరో ఒకరు సరేనంటారు. నా ప్రశ్నకీ జవాబులొచ్చాయి. అబాకస్, ఆన్‌లైన్ కోడింగు, భరతనాట్యం, ఇండియా నుంచి జూమ్‌లో శ్లోకాలు. చెప్పినవాళ్ళది మంచి మనసే. కానీ నేనడిగింది క్లాసు గురించి కాదు, పరిగెత్తడానికి చోటు గురించి. మనకి అక్కడ ఆట అనేది వెతుక్కునే వస్తువు కాదు కదా, తలుపు తీస్తే ఉండేది. కాబట్టి ఇక్కడికొచ్చాక దాన్ని వెతకాలని గానీ, ఎక్కడ వెతకాలో గానీ మనకి తట్టదు. క్లాసులు వెతకడం బాగా వచ్చు.

చివరికి దారి చూపించింది మన వాళ్ళు కాదు. మార్చి నెలలో ఒకరోజు కాస్త ఎండ పొడిస్తే మూలమీదున్న ఆటస్థలానికి తీసుకెళ్ళాను. అక్కడ మనవరాలితో వచ్చిన ఒక టర్కీ మామ్మగారు, ఆవిడ జర్మనూ అంతంతే, నా జర్మనూ అంతంతే, సైగలతో అడిగింది, చలికాలమంతా పిల్లాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళావని. ఇంట్లోనే అన్నాను. ఆవిడ నమ్మలేదు. నా చెయ్యి పట్టుకుని రెండు వీధులవతల ఒక చర్చి హాలు దాకా తీసుకెళ్ళింది. దాన్ని వింటర్‌ష్పీల్‌ప్లాట్స్ అంటారు, అంటే చలికాలపు ఆటస్థలం. ఈ ఊళ్ళో చాలా చర్చిలు నవంబరు నుంచి మార్చి దాకా తమ హాళ్ళని ఇలా చిన్న పిల్లలకి తెరిచిపెడతాయి. తివాచీ పరిచి జారుడుబల్ల పెట్టారు, మూడు చక్రాల సైకిళ్ళున్నాయి, బంతుల తొట్టి ఉంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పి సాక్సులతో లోపలికి పోవడమే. పెద్దవాళ్ళకి ఫ్లాస్కులో కాఫీ. టికెట్టు లేదు, డబ్బా ఒకటి పెట్టారు, తోచింది వేయొచ్చు. చర్చి అనగానే మావారు కాస్త వెనకాడారు, మీలో కొందరికీ ఆ ఆలోచన రావచ్చు. నేను వెళ్ళిన చోట మతం గురించి ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు. తలకి గుడ్డ కట్టుకున్న తల్లులు నా పక్కనే కూర్చుని కాఫీ తాగారు.

అది ఆ చలికాలానికి ఆఖరి వారం. మా బాబు ఆ హాల్లో అడుగు పెట్టి ముందు నా మొహం చూశాడు. "పరిగెత్తొచ్చా అమ్మా?" అని అడిగాడు. ఐదు నెలలు మా ఇంటికి రెండు వీధుల దూరంలో ఆ హాలు తెరిచే ఉంది. ఎవరూ దాచలేదు, నాకు తెలియదు, అంతే. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఆ తరవాత నేను పట్టుబట్టి తిరిగాను. తెలుసుకున్నదంతా ఇక్కడ చెప్తాను, ఎందుకంటే ఇందులో ఏదీ రహస్యం కాదు, ఖరీదు కూడా కాదు.

ముందు ఆటస్థలాల సంగతి. బెర్లిన్‌లో 1979 నుంచి పిల్లల ఆటస్థలాల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. మనిషికి ఒక చదరపు మీటరు చొప్పున ఆడుకునే జాగా ఉండాలని దాని లెక్క. అన్ని పేటల్లోనూ అంత లేదు, అయినా చాలాచోట్ల నడిచివెళ్ళే దూరంలో ఒకటి దొరుకుతుంది. మనం చూసి, ఇదేంటి అంతా ఇసకే, బట్టలు పాడవుతాయి అని వెనక్కి వచ్చేస్తాం. నేనూ అలాగే వచ్చేశాను. ఆ ఇసకే అసలు ఆట. కొన్నిచోట్ల మన ఊళ్ళల్లో బోరింగు లాంటి చేతిపంపు ఉంటుంది. ఒక పిల్ల ఎగిరెగిరి పంపు కొడుతుంది, నీళ్ళు చెక్క దోనెలోంచి పారతాయి, కింద ఇంకొకడు ఇసకతో అడ్డకట్ట కడతాడు, మూడోవాడు దాన్ని తెంపుతాడు. మా వాడికి అప్పటికి జర్మన్‌లో నాలుగు ముక్కలు కూడా రావు. పంపు కొట్టే పిల్ల "వాస్సర్!" అని అరిచింది. వీడు "నీళ్ళు!" అని అరిచాడు. పావుగంటలో ఇద్దరూ రెండు మాటలూ అరుస్తున్నారు. మోకాళ్ళ దాకా బురద. ఆరోజు వాడు మడమ పూర్తిగా నేలకానించి నడుస్తూ ఇంటికొచ్చాడు. నేను గమనించాను, మావారికి ఫోన్ చేసి చెప్పాను.

ఆ బురదకి ఇక్కడ విడిగా బట్టలుంటాయి. మాచ్‌హోజె అంటారు, పైన పట్టీలుండే రబ్బరు ప్యాంటు, దాని కింద గమ్‌బూట్లు. మామూలు బట్టల మీద తొడిగేసి, ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచేస్తే సరి. ఇది లేకపోతే ఇక్కడ ఏడాదిలో సగం రోజులు బయటికి వెళ్ళలేం. కొత్తది కొనక్కర్లేదు, పిల్లల బట్టలు, బొమ్మలు అమ్మే వీధి సంతలు ఉంటాయి, కొద్ది యూరోలకే దొరుకుతుంది. మొదటి ఏడాది మేము ఖరీదైన జాకెట్టు కొన్నాం, ప్యాంటు సంగతి తెలియక. మీ ఇళ్ళల్లో పిల్లలకి పొట్టయిపోయిన మాచ్‌హోజెలు ఎన్ని మూలన పడి ఉంటాయో ఒక్కసారి చూడండి.

చప్పుడు భయం గురించి కూడా చెప్పాలి. 2011లో జర్మనీలో ఒక చట్టం మార్చారు. ఆటస్థలాల్లోంచి, కీటాల్లోంచి (బడికి ముందు చిన్న పిల్లల్ని చూసుకునే చోట్లు) వచ్చే పిల్లల అరుపుల్ని మామూలుగా హానికరమైన చప్పుడు కింద లెక్కేయకూడదని అందులో ఉంది. అది ఫ్లాట్ లోపలి గెంతుల కోసం రాసింది కాదు, రాత్రి పది దాటాక అందరూ నిశ్శబ్దంగానే ఉండాలి. కానీ బయట ఆడుకునే పిల్లల్ని "ఉష్, అరవకు" అని పక్కకి లాక్కొచ్చేది మన తల్లిదండ్రులే. నేనూ లాగాను. వద్దండీ. అక్కడ వాళ్ళకి అరిచే హక్కుంది.

కీటా దొరికితే సగం సమస్య తీరుతుంది, నిజమే. ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది, బెర్లిన్‌లో 2018 ఆగస్టు నుంచి ఫీజు కూడా లేదు, భోజనానికి కొంచెం కడితే చాలు. హక్కుంది కదా అని రేపే చోటు దొరకదు. ముందు పిల్లల వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఆఫీసు యూగెండ్‌ఆమ్ట్ నుంచి గూట్‌షైన్ అనే కాగితం తెచ్చుకోవాలి, తరవాత కనబడ్డ కీటా అల్లా తలుపు తట్టి పేరు రాయించుకోవాలి, ఆపైన ఎదురుచూపు. మాకు ఎనిమిది నెలలు పట్టింది. నేనడుగుతున్నది ఆ మధ్య కాలం గురించే. పెద్దవాళ్ళం వీసా అపాయింట్‌మెంట్లు, ఇంటి కాంట్రాక్టులు చూసుకుంటూ ఆ నెలలు ఎలాగో గడిపేస్తాం. నాలుగేళ్ళ పిల్లాడికి ఎనిమిది నెలలంటే చిన్న విషయం కాదు.

ఆ మధ్య కాలానికి పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. లైబ్రరీలో పిల్లలకి కార్డు ఉచితం, కథలు చదివి వినిపించే రోజులుంటాయి, భాష అర్థం కాకపోయినా బొమ్మలు తెర మీద వేసి చెప్తుంటే మా వాడు నోరు తెరుచుకుని కూర్చుంటాడు. ఫామీలియెన్‌ట్సెంట్రుమ్ అని, అంటే కుటుంబాల కోసం నడిపే కేంద్రాలు, పేటపేటకీ ఉంటాయి, తల్లీబిడ్డా కలిసి వెళ్ళి కూర్చోవచ్చు, నాలాగా ఉద్యోగం వదులుకుని వచ్చిన ఆడవాళ్ళకి నలుగురి మొహాలు కనబడే చోటు అది. ఫెరైన్ (ఆటల క్లబ్బు) అంటే మనం ఫుట్‌బాల్ ఆడే పెద్ద పిల్లలకే అనుకుంటాం, కానీ నడక వచ్చిన పిల్లల నుంచి తల్లిదండ్రులతో కలిసి గెంతే క్లాసు వాటిలో ఉంటుంది, స్కూలు జిమ్నాసియంలో పరుపులు, తాళ్ళు, బల్లలు వేసి పెడతారు. ముందు ఒకసారి ఊరికే వచ్చి చూసి వెళ్ళమంటారు. మెయిల్ ఒకటి జర్మన్‌లో రాయాలి, అంతే. ఆ మెయిల్ దగ్గరే మన వాళ్ళు చాలామంది ఆగిపోతారు. నేను రాసిన మెయిల్ నా దగ్గరుంది, కావాలంటే పేరు మార్చుకుని వాడుకోండి.

ఒక ఆదివారం టెంపెల్‌హోఫ్ మైదానానికి వెళ్ళాం. అది ఒకప్పుడు విమానాశ్రయం. 2008లో మూసేశారు, 2010లో జనానికి తెరిచారు, అక్కడ ఇళ్ళు కట్టొద్దని 2014లో ఈ ఊరి వాళ్ళే ఓటేసి నిలబెట్టుకున్నారు. విమానాలు దిగిన రన్‌వే మీద ఇప్పుడు పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. మావారు చిన్నప్పుడు సంక్రాంతికి మేడ మీద గాలిపటం ఎగరేసిన మనిషి, ఇరవై ఏళ్ళ తరవాత దారం పట్టుకున్నారు. ఆ గాలికి దారం చేతిలోంచి గుంజుకుపోతుంటే తండ్రీకొడుకులిద్దరూ రన్‌వే చివరిదాకా పరిగెత్తారు. అప్పుడు నాకు అనిపించింది, మనం జనవరి చలిలో నాలుగ్గోడల హాల్లో జరుపుకుంటున్న సంక్రాంతిలో ముగ్గుందీ, బొబ్బట్టుందీ, పిల్లలకి గాలిపటమే లేదని. జనవరిలో కుదరకపోతే ఏప్రిల్‌లో ఎగరేద్దాం. పంచాంగం ఏమీ అనుకోదు.

ఇంకో విషయం, ఇది ఆట ఒక్కటే కాదు, ప్రాణాల సంగతి. నేను బందరు కాలువ పక్క వీధిలో పెరిగాను. మా చిన్నతనంలో ప్రతి వేసవికీ ఎవరో ఒకరి పిల్లాడు నీళ్ళల్లో పోయాడన్న కబురు వినేవాళ్ళం. మా అమ్మకి తెలిసిన జాగ్రత్త ఒకటే, కాలువ వైపు వెళ్ళొద్దు. నాకు ఈత రాదు, నాలాంటి ఆడవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉంటారు. బెర్లిన్ చెరువుల ఊరు. జూన్ వచ్చిందంటే ఊరు ఊరంతా నీళ్ళల్లోనే, స్కూలు పిల్లల పుట్టినరోజు పార్టీలు కూడా చెరువు ఒడ్డునే. ఇక్కడి పిల్లలు బడికి వెళ్ళేలోపే జేప్‌ఫేర్డ్‌షెన్ అనే బ్యాడ్జి తెచ్చుకోవాలని చూస్తారు. సముద్రపు గుర్రం బొమ్మ ఉంటుంది. గట్టు మీంచి దూకి 25 మీటర్లు ఈదాలి, భుజాల లోతు నీళ్ళల్లోంచి వస్తువు ఒకటి చేత్తో పైకి తీయాలి. అది వచ్చినంత మాత్రాన ఒంటరిగా నీళ్ళల్లోకి వదలకూడదు, దాని తరవాతది, బ్రాంజ్ బ్యాడ్జి వస్తేనే ఈత వచ్చినట్టని ఇక్కడి ప్రాణరక్షక సంఘం వాళ్ళే చెప్తారు. బెర్లిన్ స్కూళ్ళల్లో మూడో తరగతిలో ఈత నేర్పుతారు, అప్పటిదాకా ఆగొద్దండీ. క్లాసులకి వెయిటింగ్ లిస్టు పెద్దది. నాలుగో ఏట పేరు రాయిస్తే ఐదున్నరకి చోటు రావచ్చు. ఈ ఒక్క ముక్క నాకు మొదటి నెలలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఏడాది కలిసొచ్చేది.

ఇప్పుడు మిమ్మల్ని అడగాల్సింది అడుగుతాను.

కొత్తగా చేరిన కుటుంబానికి మీరు పంపే మొదటి మెసేజ్‌లో పండగల తేదీలతో పాటు ఒక్క పేజీ చేర్చండి. ఏ పేటలో ఏ చర్చి హాలు చలికాలం తెరుస్తారు, ఏ లైబ్రరీలో ఏ రోజు కథ చెప్తారు, ఈత క్లాసుకి ఎక్కడ పేరు రాయించాలి. తెలుగులో ఉండాలి. కొత్తగా వచ్చిన తల్లి రాత్రి పిల్లాణ్ణి పడుకోబెట్టాక ఫోన్‌లో చదువుకునేలా ఉండాలి. ఈ ఊళ్ళో పన్నెండు పేటలున్నాయి, పేటకొక మనిషి ఆరు నెలలకోసారి సరిచూస్తే చాలు. మా పేటది నేను చూస్తాను, రాయడం మొదలుపెట్టాను కూడా.

పండగ హాలు మాట్లాడేటప్పుడు పిల్లల కోసం ఒక గది, అది కుదరకపోతే ఒక మూల అయినా అడగండి. పోయినసారి ప్రసంగాలు గంటన్నర నడిచాయి. పిల్లలు కుర్చీల మధ్య పరిగెడితే మైకులో రెండుసార్లు "దయచేసి మీ పిల్లల్ని కూర్చోబెట్టుకోండి" అన్నారు. అన్న వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ ఇంట్లో కింది వాటా వాళ్ళ కోసం కూర్చోబెట్టి, పండగలో ప్రసంగం కోసం కూర్చోబెట్టి, తెలుగు అంటే కూర్చోవడం అని వాళ్ళు అనుకునే పరిస్థితి తేకండి. మనకి ఏడు పెంకులాట ఉంది, కోతికొమ్మచ్చి ఉంది, దాగుడుమూతలున్నాయి. మొన్న ఆటస్థలం దగ్గర నేను సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీస్తే జర్మన్ పిల్లలు గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకీ ఉందట, స్వర్గం నరకం అని పేరు. మా వాడు వాళ్ళకి ఒంటికాలి మీద గెంతుతూ ఒకటి నుంచి పది దాకా తెలుగులో లెక్కపెట్టి చూపించాడు. స్టేజి మీద పద్యం చెప్పమంటే నా వెనక దాక్కునే పిల్లాడు.

ఇంకొకటే. సభ్యత్వం, రసీదు, బ్యానరు ఏమీ లేకుండా నెలకి ఒక శనివారం ఏదో ఒక ఆటస్థలంలో కలుద్దామని మీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. నేను పెడితే పదిమంది చూస్తారు, మీరు పెడితే వచ్చిన మొదటి వారంలో ఉన్న వాళ్ళ దాకా వెళ్తుంది. మళ్ళీ అక్టోబరు వచ్చేస్తోంది. ఈ నెలలోనూ ఎవరో ఒకరు హైదరాబాదులోనో, విశాఖలోనో సూట్‌కేసులు తూకం వేసుకుంటూ ఉంటారు, పక్కన నాలుగేళ్ళ పిల్లో పిల్లాడో ఆ సూట్‌కేసులెక్కి దూకుతూ ఉంటారు.

వచ్చే నెల మొదటి శనివారం పొద్దున పది గంటలకి నేను టెంపెల్‌హోఫ్ మైదానంలో ఉంటాను, ఓడెర్‌ష్ట్రాస్సె వైపు గేటు దగ్గర. రెండు గాలిపటాలు, మూడు గుడ్డబంతులు, ఏడు పెంకులు తెస్తాను. మా వాడికి పొట్టయిపోయిన మాచ్‌హోజె ఒకటుంది, 104 సైజు, ఉతికి పెట్టాను. ఎవరికి సరిపోతే వాళ్ళు తీసుకెళ్ళొచ్చు.

ఇట్లు,
మీ ఉగాది వంటింట్లో పులిహోర కలిపిన ఒక తల్లి